కుంబాంగ్ తలకు మూడు మందులు

సహ్నిమ్ వాళ్లమ్మా,

బండి చక్రం బాగుచేయించడానికి మాతరం పట్నం వెళ్తున్నాను. మన గుర్రం కుంబాంగ్‌ను ఎండలోకి తేకు. మధ్యాహ్నం మీ అమ్మ కాచిన పసుపు చింతపండు కషాయం పట్టు. తర్వాత నా నిమ్మగడ్డి పొగ వెయ్యి. రెండిట్లో ఏదీ మానకు, ఏది పనిచేస్తోందో నాకే తెలియడం లేదు.

నెలంతా గంగిరెద్దులా తల విసిరిన కుంబాంగ్ నిన్నటి నుంచి మునిలా నిలబడింది. "నా కషాయమే అల్లుడూ" అంటుంది మీ అమ్మ. "నా పొగే అత్తా" అన్నాను. "అవును, పొగ పెట్టడం నీకు వెన్నతో పెట్టిన విద్యేగా!" అంది.

ఆదివారం ఊరేగింపులో పెళ్లికూతురి బండి లాగకపోతే గుర్రాన్ని అమ్మేస్తానన్నాడు మా అన్న. కషాయం పనిచేయకపోతే కసాయే.

ఆగు. ఇది రాస్తుంటే గాలికి దాని ముక్కు మీది గుడ్డ జారింది, వెంటనే తల విసిరింది. కట్టాను, ఆగింది. విప్పాను, మళ్లీ విసిరింది. మందు ఆ గుడ్డే! మీ అమ్మకూ మా అన్నకూ నువ్వే చెప్పు. మీ అమ్మకు మెల్లగా చెప్పు.

ఆ గుడ్డ నువ్వు పెళ్లిళ్లకు కప్పుకునే లేసు ముసుగు. ఈగలు ముసురుతున్నాయని నిన్న కట్టాను. ఆదివారం అది కుంబాంగ్‌కే కావాలి. కొత్తది కొనిస్తాను. ఇక నువ్వేమన్నా తల ఊపేది నేనొక్కణ్ణే.