ఆపని కంప్యూటరు

మేడ్చల్,
సోమవారం

మా పెద్దబిడ్డ హన్నాకు అమ్మ ఎన్నో ముద్దులతో రాస్తున్నది. దేవుని దయవల్ల ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మంగళూరులో నువ్వు, అల్లుడు, మనవరాలు శృతి కూడా అలాగే ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా జవాబు. నా మోకాలి నొప్పి తగ్గలేదు, పెరగలేదు. రావల్కోల్ చిన్నమ్మ పంపిన నూనె రాస్తున్నాను. ఆ వాసన భరించలేక మీ నాయిన పక్కగదిలో పడుకుంటున్నాడు, అదొక లాభం. కుట్టుమిషను మానలేదు, మానను కూడా. కొంపల్లి విల్లాల ఆడవాళ్లు కార్లలో వచ్చి జాకెట్లు ఇచ్చి పోతున్నారు. కొలతలు మాత్రం ఎప్పుడూ తప్పే చెబుతారు.

ఇక మూడో ప్రశ్న. "పాత కంప్యూటరు ఇంకా ఉందా? ఉంటే నాయిన ఇష్టం, పారేసుకోనివ్వు. దాని గురించి మాట్లాడే హక్కు నాకు లేదు" అని రాశావు. ఆ మాట చదివి నాకు ఒళ్లు మండింది. నీ మీద కాదు.

ఉంది. మూలగదిలో, నేను పాత పరదాతో కుట్టిన గులాబీ పువ్వుల ముసుగు కిందే ఉంది. ఆన్ చేస్తే ముసలాయనలాగ కాసేపు మూలిగి మరీ లేస్తుంది. బాణం గుర్తుల మీటలు అరిగిపోయాయి. పక్కింటి ఝాన్సీతో పందెం వేసుకుని, మోటారుసైకిళ్ల ఆట ఆడి అరగదీసింది నువ్వే. మౌసు మొరాయిస్తే కింది మూత తిప్పి, గుండు బయటికి తీసి, లోపలి మట్టిని గోటితో గీకేదానివి. ఆ గుండును చున్నీకి తుడిచి నా అరచేతిలో పెట్టేదానివి.

పోయిన బుధవారం మీ నాయిన పాత సామాను బండివాణ్ణి పిలిచాడు. "గా డబ్బా ఇంకెన్నేండ్లు మోస్తవే? ఉత్తగ జాగ ఖరాబు," అన్నాడు. నేను వెళ్లి దాని ముందు కుర్చీలో కూర్చున్నాను. "తీస్కపోతే కుర్చీతోని, నాతోని కలిపి తీస్కపో," అన్నాను. బండివాడు కాసేపు చూసి దారి పట్టాడు. మీ నాయిన సాలోమోనయ్య మాటంటే చర్చి సంఘంలో ముప్పయ్యేళ్లుగా ఎదురు లేదు. ఇంట్లో ఆ రోజుతో ఆ అలవాటు తప్పింది.

ఇప్పుడు అసలు సంగతి. ఫోనులో చెబితే మధ్యలోనే "పోనీలే అమ్మా" అంటావు. ఉత్తరాన్ని అలా ఆపలేవు, అందుకే రాస్తున్నాను.

ఆ క్రిస్మస్‌కు ముందటి శనివారం నువ్వు మరిచిపోయి ఉండవు. పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగే గుంపు కోసం మీ నాయిన మూడు రోజులు కూర్చుని, ఒక్క వేలితో ఇరవై నాలుగు పాటలు టైపు చేశాడు. ఆయనకు టైపు చేయడమే వచ్చు, సేవ్ చేయడం నీ పని. నీకు పరీక్షలని నిన్ను పిలవకుండా మూడు రోజులూ కంప్యూటరు ఆపకుండా ఉంచాడు. శనివారం మధ్యాహ్నం చూస్తే పాటలు లేవు. అంతకు ముందు నెలలో నువ్వు అందులో పత్తాలు, అదే పేకముక్కల ఆట, ఆడుతూ దొరికావు కాబట్టి ఇంకెవర్నీ అడగలేదు. మర్నాడు ఆదివారం ప్రార్థనలో, ఒక్కొక్కరు లేచి తమ సంగతులు చెప్పుకునే సాక్ష్యాల వేళ, నిన్ను సంఘం ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించాడు. కంప్యూటరు డిప్లొమా ఫారం చింపి నర్సింగులో వేశాడు. 'పొద్దున ఒకసారి ముట్టుకున్నాను, అప్పుడే ఏదో తప్పు నొక్కానేమో' అని నువ్వు కూడా నమ్మావు.

నొక్కింది నేను, హన్నా.

కుట్టీ కుట్టీ నడుం లాగితే, ఇంట్లో ఎవరూ లేని గంటసేపు పత్తాలాడేదాన్ని. నీ వెనక నిలబడి చూసి నేర్చుకున్నాను. గెలిస్తే పత్తాలన్నీ ఎగురుకుంటూ వచ్చి పడేవి కదా, అది చూడటం కోసమే. పెళ్లయ్యాక నాకోసం నేను చేసుకున్న పని అదొక్కటే. ఆ రోజు ఆడుతుంటే గేటు చప్పుడైంది. సంఘపెద్ద ఇల్లు, ఆయన భార్య పత్తాలాట. గబగబా అన్నీ మూసేస్తుంటే తెర మీద చిన్న డబ్బా ఒకటి వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగింది. నా ఆటను దాచిపెట్టమంటావా అని అడుగుతోందనుకున్నాను. ఆనవాలు ఉండకూడదని 'నో' నొక్కాను. అది అడిగింది పాటల గురించి. ఆ ఒక్క నొక్కుతో ఇరవై నాలుగూ పోయాయి.

ఆడినందుకు నాకు సిగ్గు లేదు, రాసి పెట్టుకో. ఇప్పటికీ ఆడుతున్నాను. నిన్ను అక్కడ నిలబెడితే నేను మూడో వరసలో కొంగు కప్పుకుని కూర్చున్నాను చూడు, దానికి మాత్రం చచ్చేదాకా సిగ్గుపడతాను.

అందుకే నిన్న సాక్ష్యాల వేళ లేచాను. పత్తాలతో సహా అంతా చెప్పాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరు ఎడ్వర్డ్ గారు మెల్లగా, "ఇగ సాలమ్మా, కూసోండ్రి," అన్నారు.

"నా బిడ్డను నిలవెట్టిన నాడు సాలని ఎవ్వరన్నరు? నేను జెప్పేదాంక ఇనుండ్రి," అన్నాను.

విన్నారు. నీ మీద పడ్డ మచ్చను పడ్డచోటే తుడిచి వచ్చాను.

మీ నాయిన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. సాయంత్రం ముసుగు తీసి, కంప్యూటరు ఆన్ చేసి, ఒక్క వేలితో మొదలుపెట్టాడు. ఇవాళ మధ్యాహ్నానికి ఆరు లైన్లయ్యాయి. నీకే. ఏం రాశాడో నేను చెప్పను. రాయడం అయ్యాక నా వైపు చూసి, "గిది పోకుంట ఎట్ల జెయ్యాలెనే?" అని అడిగాడు. పక్కింటి నవ్యశ్రీ నిమిషంలో చేసిపెడతానంది. ఆ డబ్బా ఏమడుగుతుందో ఇప్పుడు నాకూ చదవడం వచ్చు. అయినా ఆమెను ముట్టుకోనివ్వలేదు, నేనూ ముట్టుకోలేదు. ఈ ఇంట్లో సేవ్ చేయడం నీ పని.

కరెంటు పోయినా ఆ ఆరు లైన్లూ పోకుండా ఇన్వర్టరుకు కొత్త బ్యాటరీ వేయించాను. నా మీద కోపముంటే వచ్చి ఆ కుర్చీలో కూర్చుని తిట్టు, ఎంతసేపైనా వింటాను. నువ్వు వచ్చేదాకా కంప్యూటరు ఆపేది లేదు.

ఇట్లు,
పత్తాలాడే మీ అమ్మ
ఎలీషమ్మ