ఏడింటి ఫోటో

మావా,

నువ్వు వెళ్లిపోయి నేటికి ఏడు నెలలు. నేను బాగానే ఉన్నాను, మోకాలి నొప్పి తప్ప. నీ దగ్గర ఒక సంగతి దాచాను... ఈ రోజు చెప్పేస్తాను. తిట్టుకుంటే తిట్టుకో.

నువ్వు పోయిన మర్నాడు నీ ఫోన్‌లో ఏడింటి అలారం మోగింది. ఇల్లంతా చుట్టాలు, ఏడుపులు. నాకేమో నీ మాటే వినిపించింది. "ఒసే, ఏటైనా గానీ, ఏడింటికల్లా టవరు పొటో ఆఫీసుకెల్లిపోవాల."

మన మెట్ట మీద గాలిమరలు పెట్టాలా వద్దా అని తేల్చడానికి ఏడాదిపాటు గాలి కొలిచే టవరు అది. కాపలా నువ్వు. అప్పటికి ఇంకా రెండు నెలలు మిగిలాయి. టవరు కాస్త వంగినా కొలతలన్నీ వృథా అని ఇంజినీరు గారు చెప్పిన దగ్గర్నుంచి నీకదే ధ్యాస. నాకు జ్వరమొస్తే ఒకసారి చూసేవాడివి, టవరుని నాలుగుసార్లు!

నేను వీధి గడప దాటకూడదు కదా... పెరటి గోడ దగ్గర నిలబడి ఫోటో తీశాను. సగం నా వేలే పడింది. పంపేశాను. ఆఫీసు నుంచి ఎప్పట్లాగే బొటనవేలి బొమ్మ వచ్చింది. నువ్వు బతికే ఉన్నావనుకున్నారు. నాకూ కాసేపు అలాగే అనిపించింది. తప్పా మావా?

ఎనిమిది రోజులు అలాగే నడిపాను. తొమ్మిదో రోజు ఇంజినీరు గారు ఫోన్ చేసి ఒకటే కేకలు. టవరుని పట్టి ఉంచే తీగకి ఎవరో గేదెని కట్టారట, ఫోటోలో కనబడుతోందట. నేను చూసుకోనేలేదు. అప్పుడు చెప్పాను... నువ్వు లేవని. ఆయన కేకలు ఆపేశారు. తర్వాత వేరే మనిషిని పెడతామన్నారు.

గేదె ఎవరిదనుకున్నావు? మీ అన్నయ్యదే! నువ్వెన్నిసార్లు అరిచావు... "అది గాలి కొలిసే టవరు అన్నా, నీ గేదిని కట్టే రాట కాదు!" నువ్వు లేవన్న ధైర్యం కాబోలు.

పెద్దకర్మ ఇంకా కాలేదు. మీ అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. పక్కనుంచి దూరి గడప దాటేశాను. గోగు చేలో అడ్డంపడి వెళ్లి, తాడు విప్పి, గేదెని తోలుకొచ్చి మీ అన్నయ్య వాకిట్లోనే కట్టాను. ఊరంతా గుడ్లప్పగించి చూసింది. నాకేం? మళ్లీ వెళ్లి, తీగ బిగువుగానే ఉందని దగ్గర్నుంచి ఫోటో తీసి పంపాను. వేరే మనిషి అక్కర్లేదు, నేనున్నానని చెప్పాను.

ఆ రెండు నెలలూ కాశాను. టవరు ఇంకా దింపలేదు కదా, ఆ తర్వాతా ఆపలేదు. ఒక్క రోజూ తప్పలేదు మావా.

మొన్న విజయనగరం ఆఫీసు నుంచి కబురొచ్చింది. మన మెట్ట మీద గాలి సరిపోతుందట. మరలు వస్తున్నాయి! కాపలా పని నాకే ఇచ్చారు, నా పేరు మీదే. ఫోటోలు పెట్టే గ్రూపులో మాత్రం ఇంకా నీ పేరే కనిపిస్తుంది. మార్చమంటారా అని అడిగితే వద్దన్నాను.

రేపు టవరు దింపేస్తారు. ఎల్లుండి ఏడింటికి ఖాళీ మెట్టనే ఫోటో తీసి పెడతాను. మరలు లేచేదాకా రోజూ పెడతాను... లేచాకా పెడతాను.

వేలు అడ్డం రాకుండా చూసుకుంటానులే.

నీ
పైడమ్మ