కూత పెట్టే మాత్రల పెట్టె

చెల్లాయికి అన్నయ్య దీవెనలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను.

నలభై ఏళ్ళ కిందట నీకో మాటిచ్చాను, గుర్తుందా? అమ్మ క్షయ మందులు ఆఖరి మాత్ర దాకా ఎదురుగా నిలబడి మింగిస్తానన్నాను. నిలబడలేదు. పుస్తకంలోంచి తలెత్తకుండానే "వేసుకున్నావా?" అనేవాణ్ణి. "ఆఁ" అనేది. ఎప్పుడో మానేసిందని మనకు తెలిసేసరికి జబ్బు మందులకు లొంగనంత ముదిరిపోయింది.

ఇప్పుడు అదే జబ్బు పడ్డ నన్నెవరు కనిపెట్టుకుంటున్నారని అడిగావు. ఒక పెట్టె! నవ్వకు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. ఉదయం ఎనిమిదికి కూత పెడుతుంది. మూత తీయగానే ఆ కబురు ఆసుపత్రి నర్సమ్మ ఫోనుకు చేరిపోతుంది. గంటలోగా తీయకపోతే ఆవిడే ఫోన్ చేసి "ఏం తాతగారూ, అలిగారా?" అంటుంది. మీ వదిన దానికి సవతి అని పేరు పెట్టింది. "నేను ముప్ఫైసార్లు పిలిచినా కదలరు, అది ఒక్క కూత కూస్తే పరిగెడతారు!" అని సాధింపు. ఇన్ని సైన్సు నవలలు చదివాను, ఇలాంటిదొకటి వస్తుందని ఒక్కడూ రాయలేదు. అందరూ చంద్రుడి మీద ఇళ్ళు కట్టినవాళ్ళే. దగ్గే మనిషి ఎవడికి కావాలి?

"మూత తీసి ఊరికే మూసేస్తే దానికెలా తెలుస్తుంది?" అని కూడా అడిగావు. పోలీసు బుర్ర నీది. తెలియదు. నాకెలా తెలుసంటే, తొమ్మిది రోజులు నేను చేసిన పని అదే.

మందులు మొదలెట్టి నాలుగో నెల. దగ్గు పోయింది, కాస్త ఒళ్ళు చేశాను. మాత్ర పడితే కడుపులో తిప్పడం మాత్రం పోలేదు. బాగైపోయాను కదా అనిపించింది. మూత తీయడం, మాత్రలు అలమరలో ఒక లావుపాటి నవల వెనక దాచడం. "భేష్ తాతగారూ" అని నర్సమ్మ మెసేజీ. పెట్టె నింపడానికి ఇంటికొచ్చినప్పుడు, చదవడానికి మంచి పుస్తకమేదైనా ఇవ్వమంది. గొప్ప కోసం నేనే ఆ నవల లాగాను. దాంతోపాటు మాత్రలన్నీ జలజలా నేల మీద రాలాయి.

నర్సమ్మ వంగి ఒక్కొక్కటీ ఏరింది.

"ఒంట్లో బాగుండటం మందు పుణ్యం తాతగారూ, జబ్బు పోయి కాదు. ఇప్పుడొదిలేస్తే, మళ్ళీ వచ్చేది ఈ మందులకు లొంగదు."

తప్పిన రోజులు చివర్లో కలిపారు. ఇప్పుడు రోజూ మాత్ర మింగుతూ ఫోన్లో వీడియో తీసి పంపుతున్నాను. ఈ వయసులో హీరోనయ్యాను! నిన్నటి కఫం పరీక్షలో క్రిములు లేవు, చెల్లాయ్! ఇంకా పదకొండు రోజులే. ఒక్కటీ తప్పను.

అమ్మ ఎలా మానేయగలిగిందో ఇప్పుడు తెలిసింది. ఆవిణ్ణి ఏమీ అనలేను. కానీ నాకు ఆ బుద్ధి పుట్టించింది నా ఒళ్ళు. అమ్మకు పుట్టించింది ఒక మనిషి. మన ముందుగదిలో కాలు మీద కాలేసుకుని "దగ్గు తగ్గిందిగా అత్తయ్యగారూ, ఇంకా ఆ విషమెందుకు?" అన్నాడు. అల్లుడి మాట కదా, అమ్మ మళ్ళీ మాత్ర ముట్టలేదు. ఈ ఉత్తరం దాచకు, ఆయనకు పైకి చదివి వినిపించు.

ఇట్లు,
మీ ఆయనను ఇంకా క్షమించని
నీ అన్నయ్య