పిడి చెక్క కింద పేర్లు

తమ్ముడికి, దేవుడి దయ వల్ల ఇక్కడ అందరం కులాసా.

నువ్వు భయపడ్డట్టు తాతగారి పిస్తోలును ఎవరూ తీసుకుపోలేదు. నిన్న ఆయుధాల కార్యాలయం వాళ్లు రమ్మంటే నేనే గుడ్డలో చుట్టి అక్కడికి పట్టుకెళ్లాను. పాతకాలపుదని రుజువైతేనే ఇంట్లో ఉంచుకోనిస్తారట, లేకపోతే కరిగించేస్తారట. పరీక్షించే అధికారి భూతద్దం పెట్టి చూసి, "సంవత్సరం వేసిన చోటు అరిగిపోయింది. దీన్ని ఇంతలా ఎవరు తోమారమ్మా?" అన్నాడు.

"నేనే బాబూ. ముప్పై ఏళ్లుగా వారం వారం దేవుడి సామానుతో పాటు తోముతున్నాను."

"భక్తి కాస్త ఎక్కువైంది" అని నవ్వాడు. ఇక కరిగించేస్తారనే అనుకున్నాను.

అప్పుడాయన మరలు విప్పి పిడి చెక్క తీశాడు. లోపల తాతగారి పేరు, సంవత్సరం, దాని కింద నాన్న పేరు చెక్కి ఉన్నాయి. దాంతో పాతదని తేలింది. గదిలో వాళ్లంతా లేచి వచ్చి చూశారు.

"ఈ స్ప్రింగు మార్చినాయన ఎవరో గానీ గట్టి పనివాడు" అన్నాడు అధికారి.

"తాళాలు బాగుచేసే మా నాన్నగారు" అన్నాను, కాస్త గట్టిగానే. అది ఇక పేలకుండా చేసి, నా పేరున కాగితం రాసిచ్చారు.

మరదలి మోకాలి నొప్పి తగ్గిందా? వంటగది కప్పు ఇంకా కారుతోందా? నాన్న చెక్కుడు ఉలి నీ దగ్గరే ఉంది, ఎవరైనా వస్తుంటే పంపు. ఆయన పేరు కింద ఇద్దరికి జాగా ఉంది, చెక్కించుకోవచ్చని అధికారి కూడా అన్నాడు. ముందు నీ పేరే చెక్కిస్తాను. ఆ పైవాడు మిమ్మల్ని చల్లగా చూడాలి. ఇక ఆ పిస్తోలును తోమనులే.

అక్క