కుడికాలి చిటికెన వేలు సంగతి

గోదావరిఖని

రాజక్కకు తమ్ముడు కొమురయ్య దండం పెట్టి రాస్తున్నది.

నాయిన కొలువు ఇంట్ల ఒక కొడుక్కు వస్తదన్నప్పుడు పెద్దోడు మల్లన్న పోవాలె. "ఒక్క ఏడాది నువ్వు బొగ్గుబాయిల చెయ్యిరా, తర్వాత నేనొస్త, నువ్వు కాలేజీకి పోదువు" అన్నడు. నువ్వు వాకిట్ల చాట పట్టుకొని నిలబడి విన్నవ్. ఆ ఒక్క ఏడాది ముప్పై ఎనిమిదేండ్లు నడిచింది.

నీ మోకాళ్లు ఎట్లున్నయి? బావ దగ్గు తగ్గిందా? ఈ ఉత్తరం నీ మనుమరాలే చదువుతదని నాకు ఎరుకే. బిడ్డా, మీ బాపమ్మ కుడిచెవి దగ్గర కూసొని మెల్లగ చదువు. మీ అమ్మ ఫోను స్పీకర్ల పెడ్తది, పక్కింట్లకెళ్లి మల్లన్న అన్నీ వింటడు. అందుకే కాయితం మీద రాస్తున్న.

నేను బాగున్న. నా ఇంటిది లచ్చవ్వ పోయినంక గోలేటి ఇల్లు ఖాళీ చేసి, దవాఖాన దగ్గరుంటదని ఇక్కడ ఒక గది తీసుకున్న. ఎండ మండుతున్నది. పొద్దున ఊడ్చిన గచ్చు మీద పగటికి మళ్ల నల్ల దుమ్ము. అన్నం తగ్గించి జొన్నరొట్టె తింటున్న. స్టూలు మీద కూసొని తానం చేస్తున్న, లచ్చవ్వ చూస్తే నవ్వేది. షుగరు గోళీలు టీ పొడి డబ్బా పక్కన పెట్టుకున్న, మరిచేది లేదు. మాట్లాడే మనిషి లేకనే ఎక్కువ చదువుతున్న. ముసలోళ్లు సంతోషంగ ఉండాలెనని పేపర్ల రాస్తరు. రాసినోడు తన కాలిగోరు తాను వంగి తీసుకోలేని రోజు ఇంకా చూడలేదు.

పక్క గదిల ఖాజా భాయ్ అని లారీ మెకానిక్ ఉంటడు, నా ఈడోడే. నేను లేవంగనే తలుపు మీద తుండు ఆరెయ్యాలె. ఏడు దాటినా తుండు కనపడకపోతే ఆయన తలుపు కొట్టాలె. ఇది మా ఒప్పందం. చచ్చి రెండు రోజులు ఎవ్వలకు తెల్వకుండ పడి ఉండుడు నాకిష్టం లేదు.

నువ్వు అడిగినవు గనుక కాలు సంగతి చెప్తున్న. షుగరుకు పొద్దున నడువుమన్నరు. కొలువు దిగిపోయేటప్పుడు ఇచ్చిన ఆఖరు జత బాయి బూట్లు తొడగకుండ కాయితంల చుట్టి దాచుకున్న. కొత్త బూట్లు ఉండంగ ఇంకోటి ఎందుకని అవే వేసుకున్న. ముందట ఇనుప ముక్కు ఉంటది, దాని లోపలి అంచు చిటికెన వేలును కోసింది. కాళ్లు మొద్దుబారినయి గద, నాకు తెల్వలే. తెలిసినంక పసుపు పెట్టి గుడ్డ కట్టి, అవే బూట్లు మళ్ల వేసుకున్న.

ఒకనాడు వరండాల ఖాజా భాయ్ ఆపిండు.

"ఏంది కొమురన్న, గచ్చు మీద గా మరక?"

"బీట్రూట్ కోసిన."

"కాలుతోని కోసినవా?"

ఇంకేం మాట్లాడనియ్యలే, స్కూటర్ మీద ఎక్కించుకొని పోయిండు. డాక్టరమ్మ చిన్న పిల్ల.

"ఎన్ని రోజులైంది తాతా?"

"మొన్ననే."

"మూడు వారాలు దాటింది," అన్నడు ఖాజా భాయ్ ఎనుకకెళ్లి. "ఈయన లెక్కల మొన్న పొడుగుంటది."

"ఎందుకు దాచినవ్?" అన్నది ఆమె. నేను ఇప్పిన గుడ్డ మడత పెట్టుకున్న.

పది రోజులు చూస్తరట. నలుపు పైకి ఎక్కితే వేలు తీసేస్తరట. నేను ముప్పై ఎనిమిదేండ్లు బాయిల పైకప్పును కర్రతోని తట్టి, చప్పుడు విని, అప్పుడే కింద అడుగు పెట్టినోణ్ణి. నా పాదం కింద ఏమున్నదో ఒక్కనాడు చూసుకోలే. ఇప్పుడు గడ్డం గీసుకునే అద్దం నేల మీద పెట్టి రెండు పూటలా చూస్తున్న. బూట్లు ఖాజా భాయ్ ఎత్తుకపోయిండు, మెత్తటి చెప్పులు తెచ్చిండు. నాకు మంచిగనే ఉన్నది, నువ్వు ఫికర్ పెట్టుకోకు.

ఇక్కడి బజార్ల నేను కుంటుడు మన ఊరోళ్లు చూసిన్రట, మల్లన్న కారు మాట్లాడుకొని నన్ను తోలుకపోతనంటుండట. "ఒక్కడు ఎట్ల బతుకుతడు" అని వాకిట్ల కూసొని అంటుండట. ఒక్కణ్ణి చేసి పంపినప్పుడు ఈ ఫికర్ లేదు. నేను రాను. వాళ్లింట్ల మంచం మీద పండి ఆయన దయ తింటూ ఉండను. ఒక్కణ్ణే వండుకుంట, ఒక్కణ్ణే కట్టు కట్టుకుంట. నీ పాత నూలు చీర ఒకటి పంపు, కట్టుకు మెత్తగుంటది.

పది రోజులు గురువారానికి నిండుతయి. పెద్దదానివి, నా తల మీద చెయ్యి పెట్టిననుకొని దీవించు. బావకు దండాలు చెప్పు.

నీ తమ్ముడు
కొమురయ్య

బిడ్డా, ఈ కింది ముక్క మాత్రం గట్టిగ చదువు, పక్కింట్లకు వినపడాలె.

డాక్టరమ్మ ఎందుకు దాచినవని అడిగినప్పుడే నాకు జవాబు తెలుసు. బాయికి మొదటి రోజు అన్ననే తోలుకపోయి, గేటు కాడ భుజం పట్టుకొని చెప్పిండు: "దెబ్బ తాకినా ఎవ్వలకు చెప్పకురా. చెప్తే పనికి రావని ఎల్లగొడ్తరు. నువ్వు ఇంటికొస్తే నేను బాయిల దిగాలె." ఆ మాట నేను ఇన్నేండ్లు తప్పలే. వేలు దక్కితే అది ఖాజా భాయ్ పుణ్యం. పోతే నేను బూట్లను అనను, షుగరును అనను. అనేది మల్లన్ననే.