చిటికెన వేలు

మార్చి 3, సోమవారం

కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారాయి. పెన్ను జారిపోతోంది. ప్రూఫుల మార్జిన్‌లో నేను పెట్టిన దిద్దుబాట్లు చూసి కోడి గీకినట్టున్నాయన్నాడు కంపోజర్. సూపర్‌వైజర్ విన్నాడు. నెలాఖరుకి చెయ్యి దారికి రాకపోతే ఇంకొకర్ని చూసుకుంటానన్నాడు.

అన్నయ్యకి చెప్పాను. వదిన అందుకుంది. ఆ పీనాసి ప్రెస్ మానేసి ఇంటిపట్టున ఉంటే వాళ్ళ కవలల్ని చూసుకోవచ్చుగా, తను బ్యూటీ పార్లర్ పెట్టుకుంటుందిగా అంది. అన్నయ్య పేపర్ తిప్పాడు. ఎప్పుడూ తిప్పుతాడు. చివరికి ముందు చెయ్యి సంగతి చూద్దాం అన్నాడు. వదినకి తెలిసిన ఆక్యుపంక్చర్ సూదుల డాక్టర్ ఉన్నాడట. ఆవిడ నడుంనొప్పి ఆయనే తగ్గించాడట.

మార్చి 5, బుధవారం, సాయంత్రం

వదిన తీసుకెళ్ళింది. టైర్ల షాపు మీద గది. మెట్ల నిండా రబ్బరు వాసన. గోడ మీద చర్మం లేని మనిషి బొమ్మ, ఒంటినిండా చుక్కలు. సూదులాయన మొదటి మాటే చివాట్లు. ఖాళీ కడుపుతో వస్తారా, కళ్ళు తిరిగి పడితే ఎవరు ఎత్తాలి అన్నాడు. బిస్కెట్ ఇచ్చాడు. అసహ్యించుకుంటూ తిన్నాను.

తర్వాత ప్రశ్నలు. నిద్ర పడుతుందా, ఆకలేస్తుందా, నెలసరి సరిగ్గా వస్తుందా. అన్నిటికీ వదినే జవాబు. మా ఆడపడుచుకి నోట్లో నాలుక లేదండీ, నేను చెప్తాను అంది. ఆయన నాలుక చాపమన్నాడు. చాపాను. ఉందిగా అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

రెండు చేతుల నాడీ చూశాక, మొద్దుబారిన వేళ్ళు ఏవని అడిగాడు. వదిన బొటనవేలు ఎత్తి చూపించింది. ఇదీ, పక్కదీనండీ, రోజంతా ఫోన్ నొక్కితే ఇంకేమవుతుంది అంది. సోమవారం నేను చెప్పింది ఆవిడ చెవికే ఎక్కలేదు.

నేను ఆ మాట దిద్దలేదు. పెద్దవాళ్ళ మాటకి అడ్డు రావడం మొరటుతనమని కాన్వెంట్‌లో సిస్టర్స్ నూరిపోశారు. బాగా ఎక్కింది.

సూదులు వెంట్రుకంత సన్నం. కొత్త ప్యాకెట్ చింపి, ఒక్కోటీ వేలితో తట్టి దించాడు. బొటనవేలి మొదట్లో, మణికట్టు పైన. పెద్ద నొప్పి లేదు. లోపల ఎవరో నొక్కి పట్టుకున్నట్టు బరువు. కదలొద్దు, చురుక్కుమంటే చెప్పు అని తెర లాగి వెళ్ళిపోయాడు. తెర అవతల వదిన పార్లర్ కబుర్లు. నేను ఎంతో మర్యాదగా పడుకున్నాను.

మార్చి 8, శనివారం

మళ్ళీ బొటనవేలికే. దానికేం, నిక్షేపంగా ఉంది.

మార్చి 11, మంగళవారం

ఎలా ఉందని ఆయనడిగితే కొంచెం నయమండీ అంది వదిన. ఇంటికొచ్చి అన్నయ్యతో, సూదులక్కూడా లొంగలేదు, ఇక లాభం లేదు, ఆ ఉద్యోగం మానిపించెయ్యండి అంది. ఒకే పూట, ఒకే నోరు. అన్నయ్య నన్నడగలేదు. పేపర్ కూడా తిప్పలేదు. సరే అన్నాడు.

మార్చి 13, గురువారం, మధ్యాహ్నం

ప్రెస్ నుంచి ఒక్కదాన్నే వెళ్ళాను. బొటనవేలు కాదండీ, చిటికెన వేలు అన్నాను.

ఆయన చేతిలో సూదుల ప్యాకెట్ బల్ల మీదకి విసిరాడు. తర్వాత కేకలు. ఇన్నాళ్ళూ నేను గుచ్చింది ఎవరి జబ్బుకి, మీ వదిన జబ్బుకా? నోరులేని పశువు కూడా నొప్పి పుడితే కాలెత్తి చూపిస్తుందే!

నేనూ అరిచాను. మీరు నన్నడిగారా, ఆవిడనడిగారు అన్నాను. నాకంత గొంతుందని నాకే తెలియదు. కింద టైర్ల షాపులో సుత్తి ఆగింది.

ఆయన కూర్చున్నాడు. పనిలో ఎలా కూర్చుంటావో చూపించమన్నాడు. మోచెయ్యి బల్లకి ఆనించి, తల వంచి చూపించాను. మోచేతి లోపలివైపు వేలితో తట్టాడు. చిటికెన వేలి దాకా జిల్లుమంది. నరం అక్కడ నలుగుతున్నట్టుందన్నాడు. మోచెయ్యి ఆనించడం మానెయ్, ముందు నరాల డాక్టర్‌కి చూపించు, నా సూదుల సంగతి తర్వాత అన్నాడు. సారీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మార్చి 14, శుక్రవారం

భోజనాల దగ్గర చెప్పేశాను. నరాల డాక్టర్ దగ్గరికి వెళ్తాను. ప్రెస్ మానను. కవలల్ని కన్నది నేను కాదు. అన్నయ్య చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ సూదులాయన నీకేం గుచ్చాడే తల్లీ అంది వదిన.

మార్చి 16, ఆదివారం

వదిన నాతో మాట్లాడటం మానేసింది. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో. వేళ్ళు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. రేపు సూపర్‌వైజర్‌ని ఇంకో నెల గడువు అడగాలి. ఎవరినీ వెంట తీసుకెళ్ళను.