214 పక్కన యూజిన్ గీసిన గడి

పెన్సిల్వేనియా రాష్ట్రం, డోనర్స్ ఫెర్రీ, మూడో వీధి నివాసి, ఉక్కు కార్ఖానాలో క్రేను నడిపి రిటైరైన లెనార్డ్ హ్రాబిక్ అనే నేను, డెబ్భై ఒక్క ఏళ్ళ వయసులో, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా సొంత దస్తూరీతో రాస్తున్న చివరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవి రెండున్నాయి. రెండింటిలోనూ ఒక సంగతి దాచాను. అవి రద్దు.

బుద్ధి స్థిమితం గురించి ఒక మాట. శీతాకాలం మధ్యాహ్నాలు వంటింటి బల్ల మీద బేస్‌బాల్ కార్డులు పరుచుకుని కూర్చుంటే, ఎదుటి కుర్చీలోంచి మా తమ్ముడు యూజిన్ గొంతు వినిపిస్తుంది. వాడు పదేళ్ళకే పోయాడు. నేను లేచాక చూస్తే ఆ కుర్చీ కింద నేల తడిగా ఉంటుంది. గుడ్డ పెట్టి తుడుస్తాను. ఈ ముక్క విని మా వకీలు విల్మా ఆస్ట్రాండర్ గారు, "ఇది మాత్రం రాయకండి లెనార్డ్ గారూ, మతి చలించిందని ఎవరైనా కోర్టుకెక్కుతారు" అన్నారు. కోర్టుకెక్కడానికి నాకెవరున్నారు? పెళ్ళీ పెటాకులూ లేనివాణ్ణి. ఉన్నది మా అక్క ఐరీన్ ఒక్కతే. ఆమెకు తెలియాలనే రాస్తున్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత విల్మా ఆస్ట్రాండర్ గారిది. ఆరో క్లాజును ఆవిడ మా అక్కకు స్వయంగా, పైకి చదివి వినిపించాలి. పోస్టులో పంపకూడదు.

2. ఇల్లు, సామాను, బ్యాంకులో ఉన్నది, అన్నీ అక్క ఐరీన్‌కు. దినం భోజనంలో పిరోహీలు, అంటే బంగాళాదుంప కూరిన కుడుములు, వడ్డించవద్దు. అక్క వాటిని చూసి తట్టుకోలేదు. ఎందుకో కింద వస్తుంది.

3. మా పిన్ని కొడుకు రూడీ వావ్రెక్‌కు నా కాగితాలు కోసే కత్తి. పాత కార్డుల అరిగిన అంచులను సన్నగా కోసి, కొత్తవాటిలా మెరిపించి అమ్మేవాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకురా అని పదిమందిలో అడిగాను. అప్పటి నుంచి మాటల్లేవు. నేనన్నది తప్పు కాదు. కానీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, అక్క కాక, నన్ను చూడ్డానికి వచ్చినవాడు వాడొక్కడే. కత్తితోపాటు నా చేపల గాలాలు కూడా ఇవ్వండి.

4. 1957లో చూయింగ్ గమ్‌తో వచ్చిన బేస్‌బాల్ కార్డుల సెట్టు, మూడు వందల ఎనభై నాలుగు కార్డులూ, అక్కకు. ఇందులో ఒకటి అదనంగా ఉంది. దాని సంగతి తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

ఆ వేసవిలో యూజిన్‌కూ నాకూ వేరే లోకం లేదు. పిల్లలందరం కట్టలు తిరగేస్తూ "ఉంది, ఉంది, కావాలి" అని గబగబా అనుకునేవాళ్ళం. రెండోది వస్తే డబుల్, మార్పిడికి పనికొచ్చేది. 214వ నంబరు డేల్ క్రోవెల్ అనే పిచర్‌ది, అంటే బంతి విసిరేవాడిది. మొదట అచ్చు వేసినప్పుడు కంపెనీవాళ్ళు అతని ఫొటోను తిరగేసి వేశారు. తరవాత సరిదిద్దుకున్నారు. మాకు రెండు రకాలూ వచ్చాయి. తేడా పట్టింది యూజిన్.

"అన్నయ్యా, ఇవి రెండూ ఒకటి కాదు. చూడు, ఇందులో వీడు ఎడమ చేత్తో విసురుతున్నాడు. టోపీ మీద అక్షరం కూడా అద్దంలో చూసినట్టుంది."

"అదే మొహం, అదే నంబరు. డబులేరా మొద్దూ" అన్నాను.

వాడు వినలేదు. సెట్టులోని నంబర్లన్నీ గళ్ళతో అచ్చేసి ఉండే చెక్‌లిస్టు కార్డు మీద 214 పక్కన పెన్సిలుతో ఇంకో చిన్న గడి తనే గీసి, అందులో టిక్కు పెట్టుకున్నాడు. కేటలాగులు రాసే పెద్దమనుషులు ఆ తేడాను గుర్తించడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

5. నీలం కవరులో ఉన్న మూడు కార్డులు నదికి అవతల బ్రిడ్జ్ వీధిలో ఉండే ప్యాకీ గిల్‌రాయ్‌కు. అవి అతనివే.

1958 ఫిబ్రవరి 27, గురువారం. నా సెట్టుకు మూడు కార్డులు తక్కువ. మూడూ ప్యాకీ దగ్గరున్నాయి. యూజిన్ కార్డులు దాచుకునే పాత చుట్టల పెట్టెలోంచి ఆ తిరగేసిన 214 తీసుకుని, గడ్డకట్టిన నది మీదుగా నడిచి వెళ్ళి, మార్పిడి చేసుకున్నాను. డబులే కదా అనుకున్నాను. లేదు, అలా అనుకోలేదు. అది వాడికి ప్రాణమని నాకు తెలుసు.

ముప్ఫై ఏళ్ళ తరవాత, ఫైర్ స్టేషన్ హాల్లో జరిగిన కార్డుల సంతలో ఒక బల్ల వెనక ప్యాకీ కనబడ్డాడు. నా పేరు వినగానే బేరం ఆపేశాడు. చొక్కా జేబులోంచి ఆ కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. "మీ తమ్ముడు మా గుమ్మందాకా వచ్చాడు లెన్. నా మూడూ తెస్తే నీది ఇస్తానన్నాను. సరేనని మళ్ళీ మంచు మీదుగానే ఇంటివైపు పరిగెత్తాడు. ఒక్కటీ అడక్కుండా ఇచ్చేసి ఉంటే..." అన్నాడు. ప్యాకీ, నీకప్పుడు పన్నెండేళ్ళు. బేరం ఆడటమే మనకు తెలిసిన మర్యాద. నీ మూడూ నీకు చేరాయి, నా సెట్టులోకి వేరేవి కొనుక్కున్నాను. మార్పిడి రద్దయింది. ఇక నిద్రపో.

6. ఇది మా అక్క ఐరీన్‌కు.

అక్కా, ఆ శుక్రవారం అమ్మ లెంట్ ఉపవాసాల పిరోహీలు చెయ్యడానికి చర్చి కింది గదికి వెళ్తూ యూజిన్‌ను నీకు అప్పగించింది. నువ్వు నేల కడిగావు. "తడి ఆరేదాకా బయట ఆడుకోరా" అని వాణ్ణి పంపావు. సాయంత్రం మోకాళ్ళ దాకా తడిసిన మనుషులు వాణ్ణి మోసుకొచ్చారు. చేతులకింకా పిండి అంటుకుని ఉన్న అమ్మ అందరి ముందూ నిన్ను పట్టుకుని, "నీ చేతిలో పెట్టి వెళ్ళానే పిల్లాణ్ణి! నా బిడ్డను బయటికెందుకు తోలావే!" అని కుదిపేసింది. నీకు పదహారేళ్ళు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. వంతెన దాటేటప్పుడు నువ్వు కళ్ళు మూసుకోవడం నేను చూశాను.

నువ్వు వాణ్ణి వాకిట్లోకి పంపావు. నదికి పంపింది నేను.

వాకిట్లో నా ఎదుట నిలబడి వాడు ఏడ్చాడు. చెక్‌లిస్టు మీద తన టిక్కును రబ్బరుతో చెరిపేసి, ఆ ఖాళీ గడిని నాకు చూపించాడు. నాకు విసుగొచ్చింది. "అంత కావాలంటే పోయి తెచ్చుకో. మంచు గట్టిగానే ఉంది" అన్నాను.

గట్టిగా లేదు అక్కా. ముందు రోజు తిరిగి వస్తూ నది మీద నాలుగడుగులు వేసేసరికి కాళ్ళ కింద మంచు మూలిగింది. భయపడి వెనక్కి వచ్చి, రెండు మైళ్ళు చుట్టు తిరిగి వంతెన మీద ఇంటికి చేరాను. తెలిసే అన్నాను. వాడు చచ్చిపోవాలని కాదు. వాడి ఏడుపు నా చెవిన పడకుండా ఉంటే చాలని.

అమ్మ నిన్ను కుదుపుతుంటే నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఆ మూడు కార్డులూ నా జేబులోనే ఉన్నాయి. ఆ రోజు నోరు విప్పలేదు. అమ్మ పోయిన రోజూ విప్పలేదు. నువ్వు చేసిపెట్టిన ప్రతి క్రిస్మస్ భోజనమూ తిన్నాను. క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు. నీ తప్పు రవ్వంత కూడా లేదు. ఇది నేను దేవుడి ముందూ, ఇద్దరు సాక్షుల ముందూ చెబుతున్నాను.

7. ఆల్బం మొదటి పేజీలో యూజిన్ చెక్‌లిస్టు కార్డు ఉంది. 214 పక్కన వాడు గీసిన గడీ, చెరిపిన గుర్తూ ఇంకా కనిపిస్తాయి. తిరగేసిన క్రోవెల్ కార్డు దాని వెనకే పెట్టాను. ఇన్నేళ్ళూ నా దగ్గరున్నా ఆ గడిలో టిక్కు పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. అది నా కార్డు కాదు. ఇప్పటికీ కట్ట తిరగేసేటప్పుడు నేను "ఉంది, ఉంది" అంటాను. 214 దగ్గరికి వచ్చేసరికి ఎదుటి కుర్చీ "కావాలి" అంటుంది.

చెక్‌లిస్టు మీద గీతలు గీస్తే విలువ పడిపోతుందని వెల కట్టేవాళ్ళు గోల పెడతారు. పెట్టనీ. ఆల్బంతోపాటు ఒక పెన్సిలు ఉంది, ములికి చెక్కే ఉంచాను. అక్కా, నా వంటింట్లో, నా కుర్చీలో కూర్చో. ఆ గడిలో టిక్కు పెట్టు. తరవాత ఎదుటి కుర్చీకి వినబడేలా గట్టిగా "ఉంది" అను. నేల తడిగా ఉంటే తుడవద్దు. దానంతటదే ఆరనీ.

2015 ఫిబ్రవరి 28న, డోనర్స్ ఫెర్రీలో, పై ఏడు క్లాజులూ మళ్ళీ చదువుకుని చేసిన సంతకం:

లెనార్డ్ హ్రాబిక్

అతను మా కళ్ళ ముందు సంతకం చేశాడు, మేమూ అతని ముందే చేశాం:

డొలోరెస్ మిన్నిక్, పక్కింటి ఆవిడ
ఆర్విల్ టేట్, మంగలి, మూడో వీధి